పెళ్లిలో మత్తయి 19 చదివేవాళ్లు ఆరో వచనం దగ్గరే ఎందుకు ఆగుతారు?

ఎడిటర్ గారికి వందనాలు.

ట్రాన్స్‌జెండర్లకు చర్చిలో చోటుందా లేదా అని మీ పత్రికలో కొన్నాళ్లుగా ఉత్తరాలు వస్తున్నాయి. "ఇదంతా అమెరికా నుంచి దిగుమతైన జబ్బు, మన సంఘాల్లో ఇలాంటివి ఎప్పుడూ లేవు" అని ఒకాయన తేల్చేశారు. నేను సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి, సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీలో కూడా పనిచేశాను, అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

అమెరికా జబ్బే అయితే నిజాం ప్రభుత్వం 1919లో వీళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం ఎందుకు చేసినట్టు? ఆడవేషంలో వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకుపోవచ్చని అందులో ఉండేది. నిజాం పోయాడు, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి, ఆ చట్టం మాత్రం 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అలాగే ఉంది. నిజంగా బయటి నుంచి వచ్చింది ఏదైనా ఉంటే అది స్వలింగ సంబంధాలను నేరం చేస్తూ తెల్లదొరలు 1860లో రాసిన 377 సెక్షనే. దాన్ని కదపొద్దని సుప్రీంకోర్టులో వాదించినవాళ్లలో క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల మీద ఆ సెక్షన్ పనిచేయదని 2018 సెప్టెంబరులో కోర్టు చెప్పేసింది, అది వేరే సంగతి.

ఇక వాక్యం దగ్గరికొద్దాం. మన పెళ్లిళ్లలో మత్తయి 19 చదువుతారు. ఆదినుంచి పురుషునిగా, స్త్రీగా సృజించాడు, దేవుడు జతపరచినవాళ్లను మనిషి వేరుచేయకూడదు అని చదివి ఆరో వచనం దగ్గర బైబిల్ మూసేస్తారు. అదే పేజీలో పన్నెండో వచనం కూడా ఉంది కదా. తల్లి గర్భం నుంచే నపుంసకులుగా పుట్టినవాళ్లున్నారు, మనుషులు అలా చేసినవాళ్లున్నారు, పరలోక రాజ్యం కోసం అలా ఉన్నవాళ్లూ ఉన్నారని ప్రభువే అన్నాడు, వాళ్లను ఒక్క మాట కూడా తిట్టకుండా. ఇన్నేళ్లలో ఆ వచనం మీద ఒక్క ప్రసంగం వినలేదు నేను. అపొస్తలుల కార్యములు 8లో నపుంసకుడైన ఐతియొపీయ అధికారి రథం ఆపించి, నాకు బాప్తిస్మమివ్వడానికి అడ్డేమిటని అడిగితే ఫిలిప్పు కమిటీ మీటింగు పెట్టలేదు, నీళ్లలోకి దిగాడు. ద్వితీయోపదేశకాండం 23 సమాజంలోకి రానివ్వొద్దన్న నపుంసకులకే యెషయా 56లో దేవుడు తన ఇంట్లో కొడుకులూ కూతుళ్లకంటే మంచి పేరిస్తానంటాడు.

ఆ నపుంసకులూ నేటి ట్రాన్స్‌జెండర్లూ ఒకటే కాదని పండితులంటారు, సరే, ఒప్పుకుంటా. స్వలింగ సంబంధాల సంగతి ఇంకా వేరు, వాటిని తప్పనే లేవీయకాండం 18, రోమా 1 బైబిల్లో లేవని నేను నటించను. పెళ్లి విషయంలో నాదీ పాత నమ్మకమే. దాని మీద ఎన్నాళ్లయినా వాదించుకోవచ్చు, అమెరికా మెథడిస్టులు 1972 నుంచి 2024 దాకా వాదించుకుని, ఈ మధ్యలో నాలుగోవంతు సంఘాలను పోగొట్టుకున్నారు కూడా. కానీ ఆ వాదన తేలేదాకా మనిషిని గుమ్మంలో నిలబెట్టాలా అన్నది నా ప్రశ్న.

గుమ్మం అని ఊరికే అనలేదు. మా చర్చిలో కుడివైపు ఆడవాళ్లు, ఎడమవైపు మగవాళ్లు కూర్చుంటారు. ఒక క్రిస్మస్ ఆరాధనకు ఒక ట్రాన్స్ మహిళ చక్కగా తలమీద ముసుగేసుకుని వచ్చింది. ఆడవాళ్లు సర్దుకుని జాగా లేదన్నట్టు కూర్చున్నారు, ఇటువైపు రమ్మని ఎవరూ అనలేదు, ఒక పెద్దాయన చెప్పుల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. కానుకల సంచి మాత్రం ఆ కుర్చీ దాకా మర్చిపోకుండా వెళ్లింది. ఆమె నోటు కూడా వేసింది.

ఆచారం మారదు అనేవాళ్లకు ఒక్కటి గుర్తుచేస్తా. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు రాశాడని చెప్పి ఎన్నేళ్లు ఆపారు ఆడవాళ్లను? అదే సీఎస్ఐలో 2013లో పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు. ఆకాశమేం ఊడిపడలేదు. రోమన్ కాథలిక్కులైతే పెళ్లి సిద్ధాంతంలో అంగుళం కదల్లేదు, లింగమార్పిడిని తప్పుపడుతూ 2024 ఏప్రిల్‌లో పత్రం కూడా ఇచ్చారు, అయినా ట్రాన్స్‌జెండర్లకు మిగతావాళ్లలాగే బాప్తిస్మం ఇవ్వొచ్చని అంతకు ముందు ఏడాదే వాటికన్ రాసిచ్చింది. సిద్ధాంతం పట్టుకునే తలుపు తీయొచ్చన్నమాట.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది విడుదల ప్రార్థనలు. పిల్లాడి నడక, మాట తేడాగా ఉందని తల్లిదండ్రులు ఉపవాస కూటానికి తీసుకొస్తే దయ్యం పట్టిందంటారు. నూనె రాసి, తల గట్టిగా పట్టుకుని ఊపుతూ మైకులో కేకలు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు వాళ్లు. తగ్గలేదంటే విశ్వాసం చాలలేదని నేరం మళ్లీ ఆ పిల్లాడి మీదే. ఇలా మార్చే వైద్యం చేయకూడదని 2021లో మద్రాసు హైకోర్టు చెప్పింది, చేస్తే వృత్తిపరమైన తప్పేనని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్లకు చెప్పింది. ఎంబీబీఎస్ చదివినాయనకు వద్దన్న పని మన సువార్తికుడికి ఎలా చెల్లుతుంది? పైగా ట్రాన్స్‌జెండర్లను శారీరకంగా, మానసికంగా హింసిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టంలోనే రాశారు.

బిషప్ గార్లనూ, డయోసిస్ పెద్దలనూ నేను అడిగేది ఇంతే. పిల్లల మీద ఈ విడుదల కూటాలు ఆపమని, ఆరాధనలో వాళ్లు ఏ వైపు కూర్చుంటామంటే ఆ వైపే కూర్చోనివ్వమని, చనిపోతే భూస్థాపనకు మన సమాధుల తోటలో చోటు నిరాకరించొద్దని తెలుగులో ఒక సర్క్యులర్ పంపండి, ఆదివారం ప్రకటనల్లో చదివించండి. చర్చి స్థలాల లీజుల గురించి ఎన్ని సర్క్యులర్లు రావడం లేదు!

ఇట్లు,
ఒక సీఎస్ఐ సంఘ సభ్యుడు,
మెదక్ జిల్లా