తెర మీద కనబడని మా ఊరి గుడి

సంపాదకుల వారికి నమస్కారములు.

ఏదో ఒక సినిమాలో పాస్టరు పాత్రను నవ్వులపాలు చేశారనో, బైబిలు వాక్యాన్ని హాస్యానికి వాడుకున్నారనో వివాదం తలెత్తినప్పుడల్లా జరిగే తంతు పత్రికలు చదివేవారందరికీ తెలిసినదే. ఎవరో అభ్యంతరం చెబుతారు, సినిమావారు విచారం వెలిబుచ్చుతారు, ఆ ముక్క కత్తిరించామంటారు, వారం తిరిగేసరికి అంతా సద్దుమణుగుతుంది. లూథరన్ సంఘంలో పుట్టి పెరిగి, గుంటూరు ప్రాంతపు పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. వెటకారం నన్ను నొప్పించదని అనను. అయితే తెలుగు సినిమా ఇన్ని దశాబ్దాలలో తెలుగు క్రైస్తవుణ్ణి దగ్గరగా చూడనే లేదన్న బాధ నాకు అంతకంటె ఎక్కువ. ఆ లోటులో మా ప్రసంగ వేదికలకు కూడా వాటా ఉందని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

సినిమాలో చర్చి అనగానే ఎత్తైన గోపురం, వరుసగా కొవ్వొత్తులు, తెల్లని అంగీ తొడుక్కున్న ఫాదరు, జాలీ తడిక వెనుక చేసిన పాపాలు ఫాదరుకు చెప్పుకునే పాపసంకీర్తనపు గది వచ్చి నిలుస్తాయి. కథానాయకుడు రక్తపు చేతులతో వచ్చి అక్కడ మోకరిల్లుతాడు. పాపసంకీర్తనం కథోలికుల పవిత్ర సంస్కారం, దాని మీద నాకు గౌరవం ఉంది. కాని కథోలికులు కాని లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), పెంతెకొస్తు సంఘాల వారు తెలుగునాట ఊరూరా ఉన్నారు, మా గుళ్లలో అటువంటి గది ఉండదు. పోనీ కథోలికులనైనా ఉన్నట్టు చూపించారా అంటే అదీ లేదు. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు మేరీమాత ఉత్సవాలకు కులమతాల పట్టింపు లేకుండా జనం తరలివెళ్లి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి మొక్కు తీర్చుకుంటారు. అంత తెలుగుదనం నిండిన దృశ్యం ఉండగా మన దర్శకులు ఏ గోవా నుంచో తెచ్చుకున్నట్టున్న చర్చినే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. డెబ్బై, ఎనభైల నాటి చిత్రాలలో ప్రతినాయకుడి అనుచరుడికి రాబర్ట్ అనీ, క్లబ్బులో నాట్యం చేసే అమ్మాయికి లిల్లీ అనీ పేర్లు పెట్టే అలవాటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆ పేర్లున్న పిల్లలు మా తరగతి గదుల్లో ఎన్ని ఎత్తిపొడుపులు పడ్డారో నేను కళ్లారా చూశాను.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ నాకు ఎంతో ఇష్టమైన చిత్రం. సావిత్రి గారి మేరీ ఆత్మాభిమానం గల చదువుకున్న యువతి. ఆమె కంఠంగా పి. లీల గారు పాడిన మేరీమాత ప్రార్థన నేటికీ మనసును తాకుతుంది. అయినా కథ ముగిసేనాటికి ఆ మేరీ తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఆ మలుపులో దురుద్దేశం ఉందని నేననను, అది హాయిగా నవ్వించే కథ. కాని మేరీ మేరీగానే ఉండి, తన ప్రార్థన తాను చేసుకుంటూ, పొరుగువారితో కలిసిమెలిసి బతికే కథ ఆ తరువాతి డెబ్బై ఏళ్లలో ఎన్నిసార్లు వచ్చిందని అడగడం తప్పు కాదనుకుంటాను.

మా వైపు కోత పండుగ నాడు గుడి ఎలా ఉంటుందో ఏ దర్శకుడైనా ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండును. బలిపీఠం ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, స్టీలు గిన్నెలో ఊక పోసి సర్దిన కోడిగుడ్లు ఉంటాయి. కాళ్లు కట్టిన నాటుకోడి ఒకటి ప్రసంగం మధ్యలో అరవడం మొదలుపెడితే, దాన్ని కానుకగా తెచ్చిన వ్యవసాయ కూలీ తల్లి చీర కొంగు దాని తల మీద కప్పి ఊరుకోబెడుతుంది. ఆరాధన ముగిశాక వేలం మొదలవుతుంది. గుమ్మడికాయను బజారు ధరకు మూడింతలకు పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోకుండా మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు, పాట మళ్లీ మొదలవుతుంది. అప్పుతో పంట వేసిన మనిషి కూడా మొదటి శేరు గింజలు దేవునికి తీసి పక్కన పెట్టడమనే ఈ నిత్య విశ్వాసంలో నవ్వు ఉంది, కన్నీరు ఉంది, కథ ఉంది. తెర మీద మాత్రం అది లేదు.

ఇక మా వైపు తప్పు చెప్పాలి. సినిమా అనే మాట వినగానే మా వేదికల మీద నుంచి వినవచ్చేది బైబిలు నూట ఒకటవ కీర్తనలోని ‘నా కన్నుల యెదుట నేను ఏ దుష్కార్యమును ఉంచుకొనను’ అన్న వాక్యం. వాక్యం సత్యమే. కాని అక్కడితో మాట ఆగిపోతున్నది. విన్న యువకుడు సినిమా చూడటం మానడు, చూశానని గుడిలో చెప్పడం మానేస్తాడు. చూసినదాని గురించి పెద్దలతో ఆలోచించే అవకాశం అతనికి అలా పోతుంది.

నిజానికి మన పూర్వులు ఇంత భయస్థులు కారు. తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) తన చుట్టూ వినబడుతున్న కర్ణాటక సంగీతాన్ని లోకసంబంధమని తోసివేయలేదు, అందులోనే క్రీస్తును కీర్తించారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాటల పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన జాషువా గారి శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి, మతంతో నిమిత్తం లేకుండా పల్లె పల్లెనా మారుమోగాయి. మా ఊరి క్రిస్మస్ నాటకంలో క్రీస్తు పుట్టిన నాటి క్రూర రాజు హేరోదు వేషం గొంతున్నవాడికే ఇచ్చేవారు. అతడు మీసం మెలేసి దుర్యోధనుడి ఫక్కీలో సంభాషణ చెబితే పాస్టరు గారితో సహా అందరూ చప్పట్లు కొట్టేవారు. 1978లో విజయచందర్ గారు క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ కోసం మోదుకూరి జాన్సన్ గారు రాసిన ‘కదిలింది కరుణరథం’ పాట మా గుడిలో శుభ శుక్రవారం పాడుతుంటే ఇప్పటికీ కన్నీరు పెట్టుకునేవారున్నారు. సినిమా పాట మందిరంలోకి వచ్చి ఇంతకాలమైంది కనుక సినిమా గురించిన మాట కూడా రావచ్చు.

ఆ మాట ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. మన పెద్ద చిత్రాలలో ఎక్కువ భాగం పగ చుట్టూ తిరుగుతాయి. తండ్రిని చంపినవాణ్ణి కొడుకు నరికే క్షణం కోసమే రెండున్నర గంటలు నడుస్తాయి, ఆ క్షణం రాగానే హాలంతా ఈలలతో అదిరిపోతుంది. శనివారం రాత్రి అక్కడ ఈల వేసిన మా సంఘపు కుర్రవాడే ఆదివారం ఉదయం ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము’ అని అందరితోపాటు ప్రార్థిస్తాడు. ఈ రెండూ ఒకే హృదయంలో ఎలా ఇముడుతున్నాయని అతణ్ణి ప్రేమతో అడిగే పెద్ద ఒకరైనా ఉండాలి. ఆ ఈలలో అన్యాయం మీద కోపం ఉంది, అది మంచి కోపమే. పేదవాడి భూమి లాక్కున్నవాడికి శిక్ష పడాలనే దాహం ప్రవక్తలకూ ఉండేది. అయితే శిక్ష కోరడానికీ, చంపుతుంటే ఆనందించడానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడం ఆ కుర్రవాడికి ఎవరు నేర్పుతారు? చూడవద్దన్న ఒక్క మాటతో అది రాదు. అతనితో కూర్చుని, ఆ సన్నివేశాన్ని గుర్తు చేసుకుంటూ, బైబిలు వాక్యాన్ని దాని పక్కనే ఉంచి చూస్తూ మాట్లాడితే వస్తుంది. ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు విగ్రహాలను చూసి మనసులో మండిపోయినా, సభలో నిలబడి ‘మీ కవీశ్వరులలో కొందరు’ అంటూ వారి కవుల మాటతోనే తన మాట అందుకున్నాడు. ఆ కవిత్వాన్ని ఆయన విన్నాడు కనుకనే అలా అనగలిగాడు. ‘సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి’ అని రాసిన చెయ్యి కూడా ఆయనదే.

కనుక పాస్టర్లకు నా మనవి ఏమిటంటే, యౌవనస్థుల కూడికలలో నెలకొకసారైనా పిల్లలు చూసిన చిత్రం గురించి వారి చేతనే చెప్పించి, మందలించకుండా వినండి. దర్శకులకు నా మనవి, చర్చి సన్నివేశం రాసే ముందు ఒక ఆదివారం ఏదైనా పల్లె గుడిలో చాప మీద కూర్చుని ఆరాధన మొత్తం చూడండి. మీ పత్రికకు కూడా ఒక విన్నపం ఉంది. క్రిస్మస్ నాటి సినిమా పేజీలో తారల శుభాకాంక్షలతో సరిపెట్టకుండా, ఈ ఏడాది ఒక పాస్టరు గారినీ ఒక దర్శకుణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఈ విషయమే మాట్లాడించి, ఆ సంభాషణను పూర్తిగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా.