నెట్‌వర్క్ ఆపేసి పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

తుఫాన్లప్పుడు డ్రోన్లు, రోబోలు దింపుతామనే మాట ఈమధ్య తరచూ వింటున్నాం. మంచిదే. కానీ ఏ శాఖకా శాఖ విడిగా కొనుక్కుని, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేకపోతే ఏం లాభం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం పెదవాల్తేరులోనే ఉన్నాం. మా వీధిలో చెట్టు కరెంటు తీగల మీద పడింది. లైన్ చూసేవాళ్లొచ్చి, చెట్టు కొట్టందే స్తంభం ఎక్కలేమని వెళ్లిపోయారు. మర్నాడు చెట్లు కొట్టేవాళ్లొచ్చి, తీగల్లో కరెంటు లేదని లైన్ వాళ్లు చెబితేనే రంపం పెడతామన్నారు. ఇద్దరి మాటా న్యాయమే, కానీ ఫోన్లు మూగబోయి ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. మూడు రోజులు ఆ చెట్టు అక్కడే ఉంది. ఒంట్లో బాగాలేని మా పెద్దమ్మని మంచం మీద మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్లాం.

ఈ చిక్కు మీద పరిశోధకులు ఎప్పటినుంచో పనిచేస్తున్నారు. 1995లో జపాన్‌లోని కోబేలో భూకంపానికి ఆరు వేల మందికి పైగా చనిపోయారు, ఆ అనుభవంతోనే రోబోకప్ అనే అంతర్జాతీయ రోబో పోటీల్లో సహాయక చర్యల విభాగం పుట్టింది. కంప్యూటర్‌లో ఒక కూలిన నగరం, అందులో ఫైర్, అంబులెన్స్, పోలీసు పనులు చేసే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు, అంటే తమంతట తామే నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రాములు. పోలీసు ఏజెంటు శిథిలాలు తీసి దారి ఇస్తేనే అంబులెన్సు కదులుతుంది. ఒక్కోదానికి తన చుట్టుపక్కలే కనిపిస్తుంది, పంపగలిగే సందేశాలూ కొన్నే. అంటే తన పని తాను చేసుకుపోతే చాలదు, పక్కదానికి ఏది అడ్డమో చూసి ముందు అది తొలగించాలి. నాకు మా వీధి చెట్టే గుర్తొచ్చింది.

అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన, 2021లో ముగిసిన భూగర్భ పోటీలోనూ అంతే, రోబోలు సొరంగాల్లోకి పోతూ దారిలో సిగ్నల్ అందించే చిన్న రేడియో పెట్టెలు వదులుకుంటూ వెళ్లాయి, సిగ్నల్ పోయినా ఆగిపోకుండా సొంతంగా వెతికాయి.

అందుకే నా కోరిక ఇది. ఏ శాఖ కొన్నా, అన్ని యంత్రాలూ ఒకే రకం సందేశాలు పంపుకోగలగాలని టెండరులోనే రాయాలి. తుఫాన్ల కాలానికి ముందే, మొబైల్ నెట్‌వర్క్ లేకుండా వాటన్నిటినీ కలిపి పరీక్షించాలి. తీగల్లో కరెంటు లేదని ఖాయం చేసే అధికారం మాత్రం మనిషికే ఉండాలి, అందులో రాజీ వద్దు.

డబ్బు పెట్టేలోగా చేయగలిగిందీ ఒకటుంది. ఆ రోబోకప్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ విద్యార్థులకు మన నగరం మ్యాప్ ఇచ్చి, పెదవాల్తేరు వీధులతోనే మొదలుపెట్టమనండి.

— ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం