షెడ్డు మీద పడ్డ వాన మా షట్టర్ కిందికి ఎందుకు రావాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది నల్లగొండ. సిమెంటు, పైపులు అమ్ముకునే చిన్న షాపు నాది, వెనకాలే గోడౌను. పోయిన వానాకాలం ఒక రాత్రి గంటన్నర గట్టి వాన పడితే తెల్లారేసరికి గోడౌన్లో కింది వరుస బస్తాలన్నీ తడిసి కూర్చున్నాయి. తడిసిన సిమెంటు సంగతి తెలిసిందే కదా, రెండు రోజుల్లో రాయి అవుతుంది, దాన్ని పారబోయించడానికి మళ్లీ కూలీ ఇవ్వాలి. నీళ్లు ఎక్కడివని చూస్తే చెరువు తెగలేదు, వాగు పొంగలేదు. మాకు ఎగువన ఒక ఫంక్షన్ హాలుంది. దాని రేకుల కప్పు మీద, కార్లు పెట్టుకోవడానికి ముందు పోసిన సీసీ జాగా మీద పడ్డ వానే రోడ్డు మీదికి దూకి, మోరీ పట్టక, మా షట్టర్ సందులోంచి లోపలికొచ్చింది. ఓనరు మంచాయనే. అడిగితే "నేనేం చెయ్యాలె అన్నా, వాన నేను కురిపించిన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటి నుంచి ఈ విషయం గురించే ఆలోచిస్తున్నాను, అందుకే మీ పత్రికకు రాస్తున్నాను. ఊరు మునిగినప్పుడల్లా మనవాళ్లు చెప్పేది ఒకటే మాట, నాలా వెడల్పు చేస్తాం, కొత్త డ్రైనేజీ వేస్తాం. చేయండి, వద్దనను. కానీ నాలా పెద్దదయితే నీళ్లు ఇంకా తొందరగా కింది వాడకు పోతాయి, అంతకంటే ఏమవుతుంది? 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర మన్యంకొండ వైపు రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లలో స్కూలు బస్సు ఇరుక్కుంటే ఊళ్లోవాళ్లు పిల్లల్ని బయటికి తీసిన వీడియో అందరం చూశాం. పిల్లలు దక్కారు, మనం మరిచిపోయాం. నీళ్లు చేరిన చోట ఎంతసేపూ కొట్లాడుతున్నాం గానీ బయల్దేరిన చోట ఆపే పని ఎవరూ చేయడం లేదు.

బయల్దేరేది ఎక్కడ? లెక్క సులువే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 10,000 చదరపు అడుగుల షెడ్డంటే సుమారు 930 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 46,000 లీటర్ల పైచిలుకు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. ఒక్క కప్పు నుంచి, ఒక్క వానకు! అదే ఫంక్షన్ హాలు ముందు ఎండాకాలం ముహూర్తాల రోజుల్లో నీళ్ల ట్యాంకర్లు వరుసగా నిలబడి ఉంటాయి, అది వేరే తమాషా.

ఇల్లు కట్టుకున్నవాడికి ఇంకుడు గుంత ఏదీ అని నోటీసు వస్తుంది. మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైస్ మిల్లుల షెడ్లు, వడ్లు ఆరబెట్టే కళ్లాలు చూడండి, కాటన్ మిల్లులు చూడండి, గోడౌన్లు, పెట్రోలు బంకులు, బస్టాండ్లు, ప్రైవేటు స్కూళ్ల గ్రౌండ్లు చూడండి. ఎకరాలకు ఎకరాలు సిమెంటు. ఇక మార్కెట్ యార్డుల సంగతి చెప్పనే అక్కర్లేదు. యాసంగి వడ్లు రాశులు పోసి కాంటా కోసం రైతు రోజుల తరబడి కూర్చుంటాడు, అకాల వాన పది నిమిషాలు పడితే యార్డులో నీళ్లు పోయే దారి లేక వడ్లు కొట్టుకుపోతాయి. రైతు రెండు చేతులతో వడ్లు ఎత్తుకుంటున్న ఫొటో దాదాపు ప్రతి ఏడూ మీ పేపర్లోనే చూస్తాం. యార్డు సర్కారుదే కదా, అక్కడైనా ఆ నీళ్లకు ఒక దారి, ఒక కుంట ఉండొద్దా?

చట్టం లేదా అంటే ఉంది. నీళ్లు, భూమి, చెట్లను కాపాడేందుకని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది, 2012 భవన నిర్మాణ నియమాల్లోనూ వాన నీటి గుంతలు తప్పనిసరి అన్నారు. కానీ కొత్త బిల్డింగుకు పర్మిషన్ కోసం గుంత తవ్వి, ఫొటో దిగి, తర్వాత దాని మీదే పార్కింగ్ టైల్స్ వేసిన చోట్లు నాకు తెలుసు, ఆ టైల్స్ కింద పోసిన సిమెంటు నా షాపులోదే, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. పాత షెడ్లకయితే ఆ మాత్రం కూడా లేదు. కట్టినప్పుడు అడిగినవాడు లేడు, ఇప్పుడు తవ్వమంటే ఖర్చు ఎవరు పెట్టుకోవాలంటారు.

ఆ ఖర్చు సంగతే నా అసలు పాయింటు. చెరువుకు 2015లో మిషన్ కాకతీయ వచ్చింది. పొలంలో ఫారం పాండ్లు, అంటే నీటి కుంటలు, ఉపాధి హామీ కింద తవ్వారు. పట్టణాల నీటి పనులకు 2021లో కేంద్రం అమృత్ 2.0 పథకం తెచ్చింది, అందులో చెరువుల బాగు కూడా ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా మున్సిపాలిటీలకు ఇచ్చిన టైడ్ గ్రాంట్లలో (ఫలానా పనికే వాడాలని షరతు పెట్టి ఇచ్చే డబ్బు) తాగునీటితో పాటు వాన నీటి సేకరణ కూడా ఒక పద్దు. ఇన్ని వచ్చినా మిల్లు, హాలు, గోడౌను, ప్రైవేటు స్కూలు మాత్రం ఏ పద్దులోకీ రావు. వాళ్లు పేదలూ కారు, రైతులూ కారు, సర్కారు ఆస్తీ కాదు. ఎక్కువ నీళ్లు వదిలేది వాళ్లే, ఒక్క రూపాయి దారి చూపించనిదీ వాళ్లకే.

డబ్బున్నోడికి మళ్లీ డబ్బు ఎందుకివ్వాలి అని మీరు అడుగుతారు, మా ఆవిడ కూడా అదే అడిగింది. ఆ హాలు ఓనరు నీళ్లు ఆపుకుంటే లాభం ఆయనకు తక్కువ, కింద ఉన్న మాకు ఎక్కువ. ఆయన జేబులోంచి తీసి మన కోసం పెట్టమంటే పెట్టడు. సగం ఖర్చు సర్కారు, సగం ఓనరు అంటే కదులుతాడు. అమెరికాలో ఫిలడెల్ఫియా అనే ఊళ్లో ఇలాగే చేస్తున్నారట. అక్కడ 2010 నుంచి వ్యాపార స్థలాలకు వాన నీటి బిల్లు వాళ్ల జాగా ఎంత, అందులో నీళ్లు ఇంకని సిమెంటు, కప్పు ఎంత అని చూసి వేస్తున్నారు, పార్కింగ్ ఎంత పెద్దదైతే బిల్లు అంత ఎక్కువ. 2011లో పాతికేళ్ల ప్లాను పెట్టుకుని, నీళ్లు తమ జాగాలోనే ఆపే పనులు చేసే ఓనర్లకు గ్రాంటు ఇస్తున్నారు, పని అయ్యాక బిల్లులోనూ తగ్గింపు ఇస్తున్నారు. వాళ్ల బాధ వేరు, మురుగూ వాన నీరూ ఒకే పైపులో పోయి నదిలో కలవడం. మన బాధ వేరు. కానీ నీళ్లు వదిలేవాడి మీద బిల్లు, ఆపేవాడికి సాయం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదని ఎవరంటారు? ఏప్రిల్లో ముందే ఇంటి పన్ను కడితే 5 శాతం తగ్గిస్తారు కదా మన మున్సిపాలిటీల్లో. ముందుగా కట్టినందుకు తగ్గించేవాళ్లు నీళ్లు ఆపినందుకు తగ్గించలేరా!

పైపులు అమ్ముకోవడానికే ఇదంతా రాస్తున్నాడని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, కొంత అదీ నిజమే. కానీ ముందు నా గోడౌనుకే చేసి చూశాను. 3,000 అడుగుల రేకుల కప్పు. పక్కనే ఎండిపోయిన బోరు ఒకటి ఊరికే పడి ఉంది. కప్పు నీళ్లన్నీ ఒక పైపులోకి తెచ్చి, పెద్ద కంకర, చిన్న కంకర, దొడ్డు ఇసుక వేసిన గుంతలోంచి వడగట్టి ఆ బోరులోకి వదిలాను. మొదటి ఏడాది బొక్కబోర్లా పడ్డాను. తొలి వానకు కప్పు మీది దుమ్ము, పావురాల రెట్ట, ఎండాకులు అన్నీ గుంతలోకి దిగి ఇసుక మూసుకుపోయింది, నీళ్లు మళ్లీ వాకిట్లోనే నిలబడ్డాయి. రెండో ఏడాది తొలి వాన నీళ్లు బయటికి పోయేలా ఒక వాల్వు పెట్టి, మృగశిర కార్తె రాకముందే ఇసుక తీసి కడిగించాను. అప్పటి నుంచి నా కప్పు నీళ్లు రోడ్డు మీదికి పోలేదు. ఫంక్షన్ హాలు నీళ్లు మాత్రం వచ్చాయి, బస్తాలు తడిసింది వాటికే.

నల్లగొండలో ఇది వరదల సంగతి ఒక్కటే కాదు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగినవాళ్లను చూసి పెరిగినవాళ్లం మనం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే పెట్టి 'నల్లగొండ టెక్నిక్' అంటుంది, గొప్పనుకోవాలో బాధపడాలో తెలియదు. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి, సంతోషం. కానీ బోర్లు ఎంత లోతుకు పోతే రాతి పొరల్లో అంత ఎక్కువ కాలం నిలిచిన నీళ్లే తోడుతున్నాం, ఆ రాళ్లలోంచే ఫ్లోరైడు కరుగుతుంది. వాన నీళ్లు కిందికి దిగితే దాని గాఢత కొంతైనా పలచబడుతుంది. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది, అందులో సగం నాలుగు పెద్ద వానల్లోనే పడినట్టుంటుంది, ఆ నాలుగు వానలూ మోరీల పాలు చేసుకుంటున్నాం. పానగల్లులో కందూరు చోళుల కాలంలో ఉదయసముద్రం తవ్వించినవాళ్లకు ఉన్న ఇంగితం మనకు లేకపోయింది.

కాకపోతే ఒక జాగ్రత్త. పెట్రోలు బంకు, మెకానిక్ షెడ్డు, మిల్లు బాయిలర్ దగ్గరి నీళ్లు నేరుగా భూమిలోకి దించకూడదు, ఆయిలు, బూడిద బోర్లలోకి పోతే ఫ్లోరైడుకు తోడు ఇంకో రోగం. అలాంటి చోట కప్పు నీళ్లు వేరు, వాకిలి నీళ్లు వేరుగా పట్టాలి. వాకిలి నీళ్లకు కింద ట్యాంకు కట్టి వాన తగ్గాక నెమ్మదిగా వదలాలి. హైదరాబాద్‌లో సోమాజిగూడ, రాజ్‌భవన్ రోడ్డు దిక్కు భూమిలో పెద్ద సంపులు కట్టింది ఇలా వాన నీళ్లు పట్టి ఉంచి తర్వాత వదలడానికే. స్కూళ్లలో అయితే గ్రౌండు ఒక మూల అడుగున్నర లోతు తీసి గడ్డి వేస్తే చాలు, వాన పడ్డ రోజు కుంట, మిగతా రోజులు ఆట స్థలం. ఇలాంటి పనులకు ఒక్కో జాగాకు ఒక్కో డిజైను కావాలి, అందుకే గుంతకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చే పాత పద్ధతి పనికిరాదు.

డబ్బులు ఇచ్చే తీరు కూడా మార్చాలి. పని అయిపోగానే మొత్తం ఇవ్వకండి. సగం అప్పుడు, మిగతా సగం ఒక వానాకాలం గడిచాక, నీళ్లు ఒక రోజులో ఇంకుతున్నాయా లేదా అని ఇంజనీరు వచ్చి చూశాక. ఫొటో చూసి బిల్లు పాస్ చేసే పనయితే నాకీ ఉత్తరం రాసే అవసరమే లేకపోయేది.

ముందుగా జిల్లాలో ఒక మార్కెట్ యార్డు, ఒక మిల్లు, ఒక ఫంక్షన్ హాలు తీసుకుని చేసి చూపించమని కలెక్టరు గారిని, మున్సిపాలిటీని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా గోడౌను దగ్గర పని ఎలా చేశానో చూడాలంటే ఏ అధికారి అయినా రావచ్చు. కాకపోతే ఎండ పూట కాదు, వాన పడుతున్నప్పుడు రండి. గొడుగు నేనిస్తాను, ఫంక్షన్ హాలు దాకా కలిసే నడిచి వెళ్దాం.

ఇట్లు,
ఒక సిమెంటు, పైపుల వ్యాపారి,
నల్లగొండ