గ్రామాభివృద్ధి సంఘం వార్షిక నివేదిక, 2025–26: మజరా హోదా, జనాభా లెక్క

సంఘ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో అధికభాగం ఒకే లోటును ఆశ్రయించి సాగింది. ప్రభుత్వ పట్టికల్లో మన ఊరికి విడిగా జనాభా లేదు. రెవెన్యూ రికార్డుల ప్రకారం మనది మజరా గ్రామం, అంటే ఒక పెద్ద రెవెన్యూ గ్రామంలో భాగంగా ఉండే శివారు పల్లె. జనగణన పట్టికలు రెవెన్యూ గ్రామాలవారీగా వెలువడతాయి గనుక, 2011లో మన ఇళ్లూ మనుషులూ పెద్ద ఊరి సంఖ్యలో కలిసిపోయారు. తాగునీటి పథకానికో, అంగన్‌వాడీకో అర్జీ పెట్టుకున్నప్పుడు మన ఊరి జనాభాగా చూపించడానికి చేతిలో అధికారిక అంకె ఏదీ ఉండడం లేదు.

మన ఊరున్న ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా నుండి విడివడి ఆంధ్ర రాష్ట్రంలో చేరి కర్నూలు జిల్లాలో కలిసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వేరుపడినా మనం కర్నూలులోనే ఉన్నాం. ఇన్ని మార్పులు జరిగినా మన మజరా హోదా మాత్రం అలాగే ఉండిపోయింది.

రెవెన్యూ గ్రామం కానిదే ప్రత్యేక పంచాయతీ రాదని మనలో చాలామంది నమ్ముతూ వచ్చారు. కానీ 1994 పంచాయతీరాజ్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం రెవెన్యూ గ్రామాన్నే కాక, దాని మజరాను కూడా పంచాయతీ కోసం గ్రామంగా ప్రకటించవచ్చు. ఈ సంగతి తెలిశాక, రెండు కోరికలనూ విడదీసి, పంచాయతీ కోసం ఒకటి, రెవెన్యూ హోదా కోసం మరొకటి వినతిపత్రాలు సిద్ధం చేసి గ్రామసభలో అందజేశాం. అయితే 2027 జనగణన పూర్తయ్యేదాకా గ్రామ, మండల, జిల్లా సరిహద్దులను మార్చకుండా 2025 డిసెంబరు 31తో స్తంభింపజేశారు. కాబట్టి ఈ వ్యవధిలో హోదా కోసం తొందరపడడం కంటే లెక్క సరిగా పడేలా చూసుకోవడమే ముఖ్యమని కార్యవర్గం నిశ్చయించింది.

ఎందుకంటే నిధులు ఆ లెక్కను బట్టే వస్తాయి. స్థానిక సంస్థల గ్రాంటులో రాష్ట్రాల వాటా తేల్చడానికి 15వ ఆర్థిక సంఘం జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చి, 2011 జనాభానే ఆధారంగా తీసుకుంది. ఒకసారి తప్పిన పేరు మళ్లీ జనగణన జరిగేదాకా తప్పినట్లే.

మనకు అసలు చిక్కు వలసలతో వస్తుంది. ఇళ్ల నమోదు 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య జరుగుతుంది. మనుషుల లెక్క మాత్రం 2027 ఫిబ్రవరిలో, అంటే మన కుటుంబాలు సుగ్గికి (పంట కోతల పనుల వలసకు) గుంటూరు మిరప చేలకు పోయి, ఊరిలో ముసలివాళ్లూ కొందరు పిల్లలూ మిగిలే రోజుల్లో జరుగుతుంది. గణన రోజులన్నిటా ఊరిలో లేనివారిని వారు ఉన్నచోటనే లెక్కిస్తారు. చేను గట్టున గుడారాల్లో ఉన్నవారి దగ్గరికి ఎన్యూమరేటర్ వెళ్లకపోతే వారు ఎక్కడి లెక్కలోనూ ఉండరు. ఆ రోజుల్లో ఒక్కసారైనా ఇంటికి వచ్చినవారి పేరు మాత్రం ఇక్కడే నమోదు చేయించుకోవచ్చు.

అందుకే వీధులవారీగా కుటుంబాల పేర్లు, సుగ్గికి పోయే ఊళ్లు, కూలీలను తీసుకుపోయే మేస్త్రీల ఫోన్ నంబర్లు రాసే పని మొదలుపెట్టాం. ఎస్సీ కాలనీలో, కొత్త కొట్టాల్లో ఇది పూర్తయింది. కాలువ అవతలి ఇళ్లు మిగిలాయి. ఆ వివరాలు ఇవ్వని సభ్యులు ఈ ఏడాది సుగ్గికి బయలుదేరే లోపు కార్యదర్శికి రాసి ఇవ్వాలి. ఆదాయవ్యయాల పట్టికను సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదం కోరుతాం.