వార్షిక నివేదిక 2024–25: బడి బయట చదువుకు గుర్తింపు

సభ్యులందరికీ నమస్కారం.

కాకినాడ జిల్లాలో పర్యావరణ చదువు బాగా చెప్పే బడులకు మన సంఘం ఇచ్చే గుర్తింపు పత్రాల పని ఈ ఏడాదీ పూర్తయింది. పద్ధతి మాత్రం మార్చాం. ఇదివరకు దరఖాస్తుతో పాటు ఫొటోలు వచ్చేవి. జూన్ 5న ఒక మొక్క, దాని చుట్టూ పదిమంది పెద్దలు, వెనక ఫ్లెక్సీ. ఈసారి ఫొటోలు వద్దన్నాం. డిసెంబరులో చెప్పాపెట్టకుండా వెళ్లి, ఆ జూన్ మొక్క చూపించమన్నాం. ఏడో తరగతి పిల్లల్లో ఎవరో ఒకరిని పిలిచి ఆవరణలోని చెట్ల పేర్లు అడిగాం. కొన్నిచోట్ల మొక్కా లేదు, పేర్లూ రాలేదు.

పర్యావరణాన్ని తప్పనిసరి సబ్జెక్టు చేయమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 6 నుంచి 8 తరగతుల మధ్య పుస్తకాల సంచి లేని రోజులు పది ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం అంది. చాలా బడుల్లో పర్యావరణం ఇంకా నోట్సు రాయించే పీరియడే. సిలబస్ అవ్వదన్న టెన్షన్ టీచర్లకు ఉంటుంది, కాదనం. దానికి మార్కులు మాత్రం వేయలేం.

మొదటి స్థానం తాళ్లరేవు మండలంలో మత్స్యకారుల పేటలోని ఒక చిన్న ప్రభుత్వ బడికి దక్కింది. సోలార్ పలకలు, ఇంకుడు గుంతలు ఉన్న పెద్ద బడికి ఎందుకివ్వలేదని కొందరు సభ్యులు ఫోన్లు చేశారు. పలకలు పెట్టింది యాజమాన్యం. మనం చూసింది పిల్లల్ని.

పత్రాల ప్రదానం హాల్లో కాకుండా కోరింగ మడ అడవిలోనే చేశాం. చొల్లంగి అమావాస్య స్నానాల రద్దీ తగ్గాక, ఫిబ్రవరి 2 ఆదివారం, చిత్తడి నేలల దినం నాడు. అమావాస్య వెళ్లి నాలుగు రోజులే, పోటు గట్టిగా ఉంటుంది, నీరు తీసే పాటు వేళ చూసుకుని రండని టైము చెప్పింది కూడా పిల్లలే. చెక్కవంతెన మీద మనవాళ్లను వాళ్లే నడిపించారు. బురదలో గాలి ఆడదు కాబట్టే మడచెట్ల ఊపిరి వేళ్లు పైకి లేస్తాయని ఒకడు చెప్పాడు. తెల్లమడ ఆకును నాలుకకు తాకించుకోమని ఇంకో అమ్మాయి మన కోశాధికారి గారికి ఇచ్చింది. ఉప్పు తగిలి ఆయన పెట్టిన ముఖం చూసి అందరూ నవ్వారు. తిల్ల చెట్టు దగ్గర మాత్రం చేతులు పెట్టనివ్వలేదు, దాని పాలు కళ్లకు ప్రమాదం. ఉప్పు పొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి కిందికి వేలాడుతుంటే చూసి, ఇన్నేళ్లూ కాకినాడలోనే ఉన్న మనలో చాలామంది నోరెళ్లబెట్టాం.

ముఖ్య అతిథిగా వస్తానని ఒప్పుకున్న అధికారి రాలేదు, ఫోనూ ఎత్తలేదు. బ్యానరు మీద ఆయన పేరు అలాగే ఉంది. ఈ పిల్లలకు చెట్ల పేర్లు నేర్పింది చేపల వేటకు వెళ్లే ఒక తాతగారు. పత్రం ఆయన చేతుల మీదుగానే ఇప్పించాం. బ్యానరు ఖర్చు తప్ప ఇంకేం నష్టం జరగలేదు.

దారి చూపిన అటవీ సిబ్బందికి, పడవవాళ్లకు, పులిహోర పంపిన మహిళా సభ్యులకు, పత్రాలు ఉచితంగా అచ్చువేసిన ప్రెస్సు మిత్రునికి, ఆదివారం సెలవు వదులుకుని వచ్చిన ఉపాధ్యాయులకు, జనవరిలో నీటిపక్షుల లెక్కకు పిల్లలతో తెల్లవారకముందే బయల్దేరిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు.

ఇక వాలంటీర్ల సంగతి. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు బోలెడు. బడులకు వెళ్లే రోజున మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. ఫిబ్రవరి 2న గ్రూపు ఫొటోకి వంతెన చాల్లేదు!

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో వెనక జతచేశాం. పడవ బాడుగ అనుకున్నదానికన్నా ఎక్కువైంది, మిగతావి మామూలే. చందా బాకీ ఉన్నవారు ఈ సమావేశంలోనే కట్టి రసీదు తీసుకోగలరు.

మనుషులు చాలక తుని, రౌతులపూడి వైపు మెట్ట బడులకు వెళ్లలేకపోయాం. వచ్చే ఏడాది అక్కడి నుంచే మొదలుపెడదామని కార్యవర్గం నిర్ణయించింది. రాగలిగినవారు పేరుతో పాటు ఏ వారం వీలవుతుందో కూడా గుమ్మం దగ్గరి రిజిస్టరులో రాయండి. ఒట్టి పేర్లు లెక్కలోకి తీసుకోం.

ఇట్లు,
కార్యదర్శి