కోచ్ వెళ్ళిపోయాక ఆ పిల్లల మాటేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ పోటీలు జరిగే మార్చి నెలలో, పేరు లేని చిన్న కాలేజీలు పెద్ద విశ్వవిద్యాలయాలను ఓడించిన కథలను మీ క్రీడా పుట ఏటా ఎంతో ఇష్టంగా ప్రచురిస్తోంది. చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్న నాలాంటి పాఠకులకు అవి చదవడం సంతోషమే. అయితే ఆ కథలన్నీ గెలిచిన రాత్రితోనే ఆగిపోతున్నాయి. ఆ తర్వాత పది రోజుల్లో ఆ జట్టు ఏమవుతుందో కూడా పాఠకులకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

2022లో జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ కాలేజీ జట్టు 15వ సీడ్‌గా (అంటే తన విభాగంలోని 16 ర్యాంకుల్లో 15వదిగా) బరిలోకి దిగి, కెంటకీ, మర్రే స్టేట్, పర్డ్యూ జట్లను వరుసగా ఓడించి చివరి 8 జట్లలో నిలిచింది. ఆ సీడ్‌తో అంత దూరం వచ్చిన జట్టు అంతకుముందు లేదు. మార్చి 27న నార్త్ కరోలైనా చేతిలో ఓడిన మూడు రోజులకే, కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్ విశ్వవిద్యాలయానికి వెళ్తున్నట్టు ప్రకటన వచ్చింది. తాను చదువుకుని, ఆడిన కాలేజీ పిలిస్తే ఎవరు మాత్రం కాదంటారు? ఆయనను నేను తప్పుపట్టడం లేదు. కానీ ఆ వేసవి గడిచేలోగా జట్టులోని ప్రధాన ఆటగాళ్ళు చాలామంది తలో దారి పట్టారు.

మరుసటి ఏడాదే న్యూజెర్సీలోని ఫెయిర్‌లీ డికిన్‌సన్ కాలేజీ జట్టు 16వ సీడ్‌గా వచ్చి, 1వ సీడ్ పర్డ్యూను 63-58తో ఓడించింది. ముందటి సీజన్‌లో 4 మ్యాచ్‌లు మాత్రమే గెలిచి 22 ఓడిన జట్టు అది. దాన్ని ఒక్క ఏడాదిలో నిలబెట్టిన కోచ్ టోబిన్ ఆండర్సన్, పర్డ్యూపై గెలిచి వారం తిరగకముందే ఐయోనా కాలేజీకి వెళ్ళిపోయారు. అక్కడి కోచ్ రిక్ పిటినో సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళడంతో ఐయోనాలో ఆ పదవి ఖాళీ అయింది. ఆ ఆండర్సన్ కూడా అంతకు ఏడాది ముందు డివిజన్ 2 (అంటే ఒక మెట్టు కింది స్థాయి) కాలేజీ నుంచి తన ఆటగాళ్ళను వెంటబెట్టుకుని వచ్చినవారే. పైమెట్టు మీద ఒక కుర్చీ ఖాళీ అయితే ఆ కుదుపు అట్టడుగు మెట్టు దాకా వస్తుంది.

ఇది నేను దూరం నుంచి చూసి రాస్తున్న సంగతి కాదు. మా అబ్బాయి ఒక చిన్న కాలేజీ జట్టుకు మూడేళ్ళు విద్యార్థి మేనేజరుగా పనిచేశాడు. నీళ్ళ సీసాలు నింపడం, ప్రాక్టీసులో బంతులు ఏరి అందించడం, ఎవరు ఎన్ని షాట్లు వేశారో రాసిపెట్టడం వాడి పని. కోచ్ వెళ్ళిపోతున్న సంగతి ఆ పిల్లలకు ఫోన్‌లో వార్తగా తెలిసింది. ఆ తర్వాత ఆయన లాకర్ రూమ్‌కు వచ్చి, గొంతు పూడుకుపోతుండగా పది నిమిషాలు మాట్లాడి వెళ్ళారు. వేసవి కసరత్తుల పట్టిక ఆయన చేతిరాతతో తెల్లబోర్డు మీద అలాగే ఉండిపోయిందనీ, దాన్ని తుడవడానికి ఎవరికీ చేతులు రాలేదనీ మా వాడు చెప్పాడు. ఆ జట్టులో రెండో ఏడాది చదువుతున్న ఒక అబ్బాయిని, వాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ ఎదుట కూర్చుని, నాలుగేళ్ళూ నేనే చూసుకుంటానని మాట ఇచ్చి తీసుకొచ్చింది ఆ కోచే. ఇప్పుడు అమ్మకు ఏమని చెప్పాలో నువ్వే చెప్పమని ఆ అబ్బాయి మా వాడిని అడిగాడట.

ఆటగాళ్ళకు కూడా ఇప్పుడు స్వేచ్ఛ వచ్చింది కదా అని కొందరు అంటారు. నిజమే, 2021 నుంచి ఒక్కసారి మాత్రం, 2024 నుంచి ఎన్నిసార్లయినా, ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారి ఆడే వీలు కలిగింది. కోచ్ మారితే కాలేజీ మారదలచిన ఆటగాళ్ళ పేర్లు నమోదయ్యే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో చేరడానికి ప్రత్యేకంగా గడువు కూడా ఇస్తున్నారు. అయితే ఆ స్వేచ్ఛ అందరికీ ఒకేలా అక్కరకు రాదు. 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్ కాలేజీ జట్టును చివరి 4 జట్లలోకి చేర్చిన కోచ్ డస్టీ మే, 2024లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు, ఆయన జట్టులోని ఏడడుగుల సెంటర్ వ్లాడిస్లావ్ గోల్డిన్‌కు అక్కడ చోటు దొరికింది. బెంచీ చివర కూర్చునే కుర్రవాడిని ఎవరు పిలుస్తారు? కొత్త కోచ్ తనకు కావలసిన ఆటగాళ్ళను తాను తెచ్చుకుంటారు. పోర్టల్‌లో పేరు రాసుకుంటే పాత కాలేజీ స్కాలర్‌షిప్ నిలుస్తుందన్న పూచీ ఉండదు. చదువు సగంలో ఉన్న పిల్లవాడికి ఇది ఆటకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

కోచ్‌లు కదలకుండా, కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిషేధం పెట్టడం అంత తేలిక కాదని నాకు తెలుసు. కొందరు సహాయ కోచ్‌ల జీతాలకు అది పెట్టిన పరిమితిని 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు చెల్లదంది. అందుకే నియమం కన్నా కాంట్రాక్టు మీదే నాకు నమ్మకం. జాతీయ ఫైనల్ ముగిసేదాకా మరో కాలేజీతో మాట్లాడకూడదన్న షరతును కాలేజీలే రాసుకోవచ్చు. కాంట్రాక్టు గడువుకు ముందే వెళ్ళిపోయే కోచ్ తరఫున కొత్త కాలేజీ పాత కాలేజీకి చెల్లించే పరిహారం (బయౌట్) సొమ్ములో ఒక భాగాన్ని, మిగిలిపోయిన ఆటగాళ్ళ చదువు పూర్తయ్యేదాకా స్కాలర్‌షిప్‌కు కేటాయించాలని కూడా అందులోనే రాయవచ్చు. ఆ డబ్బు రావడానికి కారణం ఆ పిల్లల చెమటే కదా!

కొత్త కోచ్ కోసం బయట వెతకడానికి ముందు ఇంట్లో చూసుకోవడం కూడా మంచిది. 1999లో గొంజాగా కాలేజీ జట్టును చివరి 8 జట్లలో నిలిపిన కోచ్ డాన్ మాన్సన్ మిన్నెసోటాకు వెళ్ళినప్పుడు, ఆ కాలేజీ ఆయన సహాయకుడు మార్క్ ఫ్యూకు జట్టును అప్పగించింది. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా ఫ్యూ అక్కడే ఉన్నారు. 2017లో, 2021లో ఆ జట్టు జాతీయ ఫైనల్ ఆడింది. ఫెయిర్‌లీ డికిన్‌సన్ కూడా ఆండర్సన్ స్థానంలో సహాయ కోచ్‌కే అవకాశం ఇచ్చింది. లాకర్ రూమ్‌లో పిల్లల పేర్లు తెలిసిన మనిషి ఒకరైనా మిగిలితే ఆ మొదటి వారం కాస్త తేలికవుతుంది.

వచ్చే మార్చిలో మీ విలేకరులు ఏదైనా చిన్న కాలేజీ విజయం గురించి రాసినప్పుడు, దయచేసి ఏప్రిల్‌లో మరొకసారి ఆ జట్టు దగ్గరికి వెళ్ళి, అక్కడ ఎవరు మిగిలారో, వారి చదువు ఎలా సాగుతోందో అడిగి రాయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
న్యూజెర్సీ