మేడిగడ్డ గేట్లు మళ్లీ దించేలోపే: కేంద్ర జల్‌శక్తి మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మేము గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా వాళ్లం. రాష్ట్రం మహారాష్ట్ర అయినా మా ఇళ్లలో మాట తెలుగే. మాకు ఒక పక్క ప్రాణహిత, ఇంకో పక్క గోదావరి. సోమనూరు దగ్గర ఇంద్రావతి కూడా వచ్చి కలుస్తుంది. సర్వేలకని, కొలతలకని మా ఊళ్లకు వచ్చిన అధికారులు చాలామందే. నదిలో చేపలకు ఎంత నీరు ఉంచాలన్న మాట మాత్రం వాళ్లలో ఒక్కరి నోటా వినలేదు. ఆ మాట మీతో అనిపించాలనే రాస్తున్నాను.

గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బరాజ్ 2019 జూన్‌లో మొదలైంది. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగిపోవడంతో నీళ్లు ఖాళీ చేశారు. అప్పటి నుంచి నిల్వ ఆపేశారు. ఇప్పుడు రిపేర్ల మాట నడుస్తోంది. ముంపు భూముల బాధ వేరే చెప్పుకోవాల్సినంత ఉంది, దాన్ని ఇందులో కలపను. చేపల విషయంలో మాత్రం ఇది మంచి అవకాశం. గేట్లు ఎత్తి ఉన్న ఈ రోజుల్లోనే ఏ చేప ఎక్కడిదాకా ఎదురెక్కుతోందో, ఎక్కడ గుడ్లు పెడుతోందో చూసి రాసి పెట్టుకోవాలి. రేపు గేట్లు దించాక ఏం పోయిందో తేల్చడానికి అప్పుడు ఓ ఆధారం ఉంటుంది.

చేపకు ఏడాది పొడవునా ఒకే మోతాదు నీళ్లు సరిపోవు. మృగశిర కార్తె దాటి ఎర్ర నీళ్లు రాగానే రవ్వ, బొచ్చె లాంటివి ఎదురెక్కుతాయి. ఒడ్డున కొత్తగా మునిగిన లోతు తక్కువ చోట్ల గుడ్లు వదులుతాయి. పిల్లలు కాస్త ఎదిగేదాకా ఆ నీళ్లు అక్కడ నిలవాలి. మొదటి వరదను జలాశయంలోనే పట్టేస్తే చేపకు కబురే అందదు. ఒకసారి వదిలి మర్నాడే గేట్లు మూస్తే గుడ్లు ఇసుక మీద ఎండిపోతాయి. ఎండాకాలంలో మడుగులు ఒకదానికొకటి తెగిపోతే పెద్ద చేపలన్నీ ఒకేచోట ఇరుక్కుని వలకు చిక్కుతాయి. మన వాలుగను ఐయూసీఎన్ (అంతరించే జీవుల లెక్క తీసే అంతర్జాతీయ సంస్థ) ముప్పు జాబితాలో పెట్టింది. గోదావరి, కృష్ణ, కావేరి నదుల్లో మాత్రమే బతికే సిలోనియా చిల్డ్రెనీ అనే పెద్ద జెల్ల జాతి ఇంకా ప్రమాదంలో ఉంది. దక్షిణాది నదులు వదిలితే దానికి ఇంకెక్కడా చోటు లేదు.

ఇది చేయగలిగిన పనే. అమెరికాలో కొలరాడో నది ఎగువ ప్రాంతంలో రాష్ట్రాలు, కేంద్రం, నీళ్లు వాడుకునేవాళ్లు, కరెంటు కొనేవాళ్లు కలిసి 1988 నుంచి చేపలను కాపాడే ఒక కార్యక్రమం నడుపుతున్నారు. అక్కడి ఫ్లేమింగ్ గోర్జ్ డ్యామ్ నుంచి వసంతకాలపు వరదను వదిలే రోజును చేపపిల్లలను చూసి నిర్ణయిస్తారు. అప్పుడే పుట్టిన రేజర్‌బ్యాక్ సక్కర్ అనే చేప పిల్లలు నదిలో కనబడగానే నీళ్లు వదిలితే, అవి పక్కనున్న చిత్తడి నేలల్లోకి చేరి పెరుగుతాయి. ఆ నదిలోదే హంప్‌బ్యాక్ చబ్ అనే చేప. దాని ప్రమాద స్థాయిని 2021లో ఒక మెట్టు తగ్గించారు. అక్కడ కూడా పొలాలకు నీళ్లు పారుతూనే ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, మన గంగకే 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఏ నెలల్లో ఎంత శాతం నీరు నదిలో వదలాలో అందులో రాశారు. గంగకు చేసింది గోదావరికి ఎందుకు చేయకూడదు? గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ప్రాణహితదే. దాని ఎగువన వైన్‌గంగ నది మీద ఇప్పటికే గోసీఖుర్ద్ డ్యామ్ ఉంది. అక్కడి నుంచి విదర్భలోని బుల్ఢాణా జిల్లా దాకా నీళ్లు మళ్లించే వైన్‌గంగ-నళగంగ పథకానికి 2024లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. విదర్భ రైతుకు నీళ్లు వద్దని మేము అనం, మాదీ విదర్భే. కాలువ తవ్వకముందే నదికి మిగలాల్సిన నీరెంతో తేల్చమంటున్నాం. తవ్వాక అడిగితే వినేవాళ్లు ఉండరు.

అందుకే ప్రాణహితకు, ఇంద్రావతి కలిసేదాకా గోదావరికి, కాలాన్ని బట్టి వదలాల్సిన నీటిని చట్టబద్ధంగా ప్రకటించండి. మొదటి వరదలో కొంత భాగాన్ని ఆపకుండా కిందికి పోనివ్వాలని, గేట్లు ఒక్కసారిగా కాకుండా మెల్లగా దించాలని అందులో ఉండాలి. మేడిగడ్డ రిపేరు అనుమతుల్లోనూ ఈ షరతు చేర్చండి. ఏ రోజు ఎంత వదిలారో అందరికీ కనబడేలా పెట్టండి.

దీనికి కమిటీ వేస్తే మొదటి సమావేశం సిరొంచలో పెట్టించండి. మా బెస్తవాళ్లను సభ్యులుగా కూర్చోబెట్టండి. ఏ మడుగులో ఏ చేప ఉంటుందో వాళ్లకు తెలుసు. కాగితాలు మరాఠీతో పాటు తెలుగులోనూ ఇప్పించండి. ఈ వానాకాలం రాకముందే ఆ సమావేశం జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
సిరొంచ తాలూకా నుంచి ఒక ఉపాధ్యాయుడు